జత చెడనంతకాలం

ఇంట్లో వస్తువులు మామూలుగా తమ చావు తామే చెప్పుకుంటాయి. ఫ్రిజ్ పాలు విరగ్గొట్టి చెబుతుంది. మిక్సీ కాలిన వాసనతో చెబుతుంది. ట్యూబులైటు రెండ్రోజులు కొట్టుకుని కొట్టుకుని చెబుతుంది. గీజరు సంగతి చలికాలం మొదటి రోజునే తేలిపోతుంది. స్పీకరు మాత్రం ఏమీ చెప్పదు. పాడుతూనే ఉంటుంది. నిన్నటికంటే ఇవాళ వెంట్రుకవాసి తక్కువగా పాడుతుంది, అంతే. ఆ వెంట్రుకవాసిని మన చెవి ఏ రోజుకారోజు మాఫీ చేసేస్తుంది. అలా పదేళ్లు మాఫీ చేశాక, అసలు బాకీ ఎంతో చెప్పగల మనిషి ఇంట్లో ఒక్కరూ మిగలరు.

అందుకే పాత స్పీకర్లు ఎప్పుడు మార్చాలని ఎవరైనా అడిగితే, "వినడానికి బాగాలేనప్పుడు" అన్న జవాబు నాకు రుచించదు. వినే చెవులు కూడా ఆ పెట్టెలతోపాటే, ఆ గదిలోనే, అన్నేళ్లూ ముదిరినవి. వాటి మాట నమ్మి కొత్తవి కొననూ కూడదు, పాతవి అట్టేపెట్టుకోనూ కూడదు. చెవి జ్ఞాపకంతో పనిలేని రుజువు ఏదో ఒకటి కావాలి. అలాంటిది ఒక పాత సినిమా పాటలో దొరికింది నాకు. ముందు పెట్టెల సంగతి చెప్పి, తర్వాత దాని దగ్గరికొస్తాను.

మావి 1991లో కొన్నవి. పే రివిజన్ బకాయిలు చేతికొచ్చిన ఏడాది అది. మంద్రం పలికే ఎనిమిదంగుళాల ఊఫరు, దాని మీద సన్నటి ధ్వనులు పలికే అంగుళం ట్వీటరు, ముందు నల్లగుడ్డ బిగించిన చట్రం, చుట్టూ టేకు చెక్క అనిపించే స్టిక్కరు అంటించిన పార్టికల్ బోర్డు పెట్టెలు. ఆ రోజుల్లో ఇంట్లో స్టీరియో ఉందంటే దుబాయ్ నుంచో కువైట్ నుంచో ఎవరో మోసుకొచ్చారని అర్థం. కోనసీమలోనూ, కరీంనగర్ వైపు ఊళ్లలోనూ ముందుగదిలో అల్లిక గుడ్డ కప్పిన పెద్ద టూ-ఇన్-వన్ కనిపిస్తే, ఆ ఇంటి అబ్బాయి ఎక్కడున్నాడో అడగక్కర్లేదు. మా వంశంలో గల్ఫ్ వెళ్లినవాళ్లు లేరు కాబట్టి మేం మనదేశపు సరుకే కొన్నాం.

వీటికి మొదటినుంచీ ఒక శత్రువు ఉన్నాడు. మా బావమరిది. ఆయన రెండేళ్లకోసారి ఏదో ఒక సెట్టు మారుస్తాడు. పండక్కి వచ్చినప్పుడల్లా సోఫాలో కూర్చోకముందే మొదలుపెడతాడు: "బావా, ఇంకా ఈ డబ్బాలేనా? ఫోను మూడేళ్లకు మారుస్తావు కదా, వీటికేం మహత్యం?" మా ఆవిడ తన తమ్ముణ్ని ఎప్పుడూ ఖండించదు. ఈ విషయంలో మరీ ఖండించదు, ఆ పెట్టెల స్థానంలో ఆవిడకు మనీప్లాంటు కుండీలు పెట్టాలని ఉంది.

బావమరిది వాదం పైకి బాగానే ఉంటుంది. కానీ ఫోను పాతబడేది లోపలి సరుకు అరిగిపోయినందువల్ల కాదు, బయటి లోకం దాన్ని వదిలేసి ముందుకు పోయినందువల్ల. స్పీకరుకు ఆ బెంగ లేదు. 1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజినీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ ఒక నమూనాను వివరిస్తూ పత్రం ప్రకటించారు. కాగితపు గరాటా (కోను), దాని మెడకు చుట్టిన రాగితీగ (కాయిలు), ఆ తీగ చుట్ట కదలడానికి అయస్కాంతంలో సన్నటి సందు. పాట కరెంటై తీగలోకి వస్తుంది, అయస్కాంతం ఆ చుట్టను ముందుకీ వెనక్కీ తోస్తుంది, దాంతోపాటు కాగితం ఊగుతుంది, కాగితంతో గాలి ఊగుతుంది. నూరేళ్లయింది. ఇవాళ ఇంట్లో, కారులో, సినిమాహాల్లో, చివరికి బావమరిది చేతిలోని ఫోనులో మోగేది కూడా ఆ ఏర్పాటే.

కొత్తవాటిలో మెరుగు లేదని నేననను. ఇప్పుడు పెట్టె కొలతలు కంప్యూటరు మీద లెక్కగడుతున్నారు. కోన్లకు కొత్త పదార్థాలు వచ్చాయి. తక్కువ ధర సరుకు మునుపటికంటే ఎంతో బాగుపడింది. అయితే 1991 నాటి స్పీకరు ఇవాళ విడుదలైన పాటను వినిపించడానికి ఎవరి అనుమతీ అడగదు. 2020 మొదట్లో సోనోస్ అనే అమెరికా కంపెనీ తన పాత మోడళ్లు కొన్నిటికి ఇకపై సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇవ్వబోనని ప్రకటించింది. కొన్నవాళ్లు గొల్లుమన్నారు. రెండు తీగలు తగిలిస్తే మోగే పెట్టెను అలా ఎవరూ రిటైర్ చేయలేరు.

మరి ఇందులో ముసలిదయ్యేది ఏది? అయస్కాంతం కాదు. నల్లటి ఫెర్రైటు అయస్కాంతం ఇంటి వాడకానికి మన మనవల కాలం దాకా ఉంటుంది. కాగితం కోను కూడా, బొద్దింకలూ ఎలుకలూ దయతలిస్తే, దశాబ్దాలు నిలుస్తుంది. పోయేది అంచు. కోనును ఇనుప చట్రానికి పట్టి ఉంచుతూ, ఊగడానికి వీలిచ్చే మెత్తటి వలయం. 1970లనుంచి చాలా కంపెనీలు దాన్ని పాలీయురేథేన్ ఫోముతో చేశాయి. తేలిగ్గా ఉంటుంది, బేసు బాగా పలుకుతుంది, చవక. కానీ గాలిలోని తేమ, ఆక్సిజను, వెలుతురు కలిసి పదిహేను ఇరవై ఏళ్లలో దాన్ని తినేస్తాయి. సముద్రం పక్కన ఇంకా ముందే. మేం కొన్నేళ్లు కాకినాడలో ఉన్నాం. అక్కడి ఉప్పుగాలికి కిటికీ ఊచలే నిలవవు, ఫోమొక లెక్కా?

హైదరాబాదుకు బదిలీ అయి వచ్చాక సామాను విప్పుతుంటే పెట్టెల కింద నల్లటి పొడి రాలి ఉంది. గుడ్డ చట్రం ఊడదీసి అంచు మీద వేలు పెట్టాను. వేలు లోపలికి దిగిపోయింది. తీసి చూస్తే కొసకు జిగటగా నల్లటి ముద్ద అంటుకుని ఉంది, సబ్బుతో కడిగినా ఆ పూటకు వదల్లేదు. కుడిదానికి అంచు సగం చుట్టు ఊడి వేలాడుతోంది. తమాషా ఏమిటంటే, ఊరు మారేముందు రోజు రాత్రి కూడా మేం వాటితోనే పాటలు విన్నాం. ఎవరికీ తేడా తెలియలేదు.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. చాలామంది మంచి స్పీకర్లను గుడ్డ చుట్టి అటక మీద దాస్తారు, అరగకుండా ఉంటాయని. ఫోముకు వాడకంతో పనిలేదు. మోగినా మోగకపోయినా దాని ఆయుష్షు దానిదే. అటక మీది వేడికి ఇంకాస్త తొందరగా పోతుంది. ఇరవై ఏళ్లు వాడకుండా దాచిన జత అని ఎవరైనా అమ్మజూపితే ముందు గుడ్డ తీసి అంచు చూడండి. దీనికి ఎదురు సాక్ష్యంగా మా తాతగారి మర్ఫీ రేడియో ఉంది. అందులోని స్పీకరుకు ఫోము లేదు, రబ్బరు లేదు, కోను కాగితాన్నే అంచుల దగ్గర మడతలు మడతలుగా నొక్కి అతికించారు. బేసు అంతంతమాత్రం. కానీ ఆయన పోయి ఎన్నో ఏళ్లయినా అంచు చెక్కుచెదరలేదు. హైఫై అని గొప్పగా కొన్నది పదిహేనేళ్లు బతికింది, వార్తలకోసం కొన్నది మూడు తరాలు చూసింది.

అంచు తర్వాత పోయేవి చిన్నాచితకా సరుకు. ఊఫరుకు, ట్వీటరుకు పాటను పంచిపెట్టే క్రాసోవరులో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లుంటే అవి క్రమంగా ఎండిపోతాయి, ట్రెబుల్ మొద్దుబారుతుంది. కొన్ని ట్వీటర్లలో కాయిలు వేడెక్కకుండా అయస్కాంత ద్రవం పోస్తారు. రాకెట్ ఇంధనాన్ని భారరహిత స్థితిలో అదుపు చేయడానికి 1963లో నాసాలో పుట్టిన ఆలోచన అది, చివరికి మన ముందుగదికి చేరింది. ముసలితనంలో ఆ ద్రవం చిక్కబడి ట్వీటరును కదలనివ్వదు. ఇవి పుస్తకాల్లో ఉండే జబ్బులు. మన ఇళ్లకే ప్రత్యేకమైనవి మరికొన్ని ఉన్నాయి. సంక్రాంతికి ఇల్లు కడిగినప్పుడు నీళ్లు తగిలి పార్టికల్ బోర్డు అడుగు అటుకుల్లా ఉబ్బుతుంది. బేసు కోసం పెట్టెకు వదిలిన గుండ్రటి రంధ్రంలో కందిరీగ మట్టిగూడు కడుతుంది. కోను మధ్యలో ఉబ్బెత్తుగా కనిపించే మూతను పాకే వయసు పిల్లలు వేలితో లోపలికి నొక్కి పరమానందపడతారు. ఆ సొట్ట ఉన్న స్పీకరు చూస్తే ఆ ఇంట్లో ఒకప్పుడు చంటిబిడ్డ ఉండేదని తెలుస్తుంది. దానివల్ల శబ్దానికి వచ్చే నష్టం దాదాపు ఏమీ లేదు, దానికోసం స్పీకరు మార్చకండి.

ఫోము పోయిన జతను నేను కోఠీకి పట్టుకెళ్లాను. గుజరాతీ గల్లీ చుట్టుపక్కల సందుల్లో రేడియో విడిభాగాల దుకాణాల మధ్య కోన్లు మార్చే మనుషులు ఉండేవారు. వాళ్లకు మా బోటివాళ్లు గిరాకీయే కాదు. అసలు గిరాకీ పెళ్లిళ్ల మైకు సెట్లవాళ్లు, ఆటోవాళ్లు. నేను వెళ్లిన చోట మనిషిని అందరూ చాచా అనేవారు. ఆయన నా పెట్టె వైపు, దాని టేకు స్టిక్కరు వైపు చూడనే లేదు. ఊఫరు విప్పి బల్ల మీద పడుకోబెట్టి, రెండు అరచేతుల వేళ్లనూ కోను మీద సమానంగా ఆనించి, మెల్లగా కిందికి నొక్కి వదిలాడు. చెవి దగ్గర పెట్టి మళ్లీ నొక్కాడు. కాయిలు సందులో రాసుకుంటే సన్నగా ఇసుక గీకిన చప్పుడు వస్తుందట. రాలేదు. తర్వాత ఒకటిన్నర వోల్టుల పెన్సిలు సెల్లు తీసి రెండు కొసలకూ తగిలించాడు. కోను టక్కున ముందుకు లేచింది.

"కాయిల్ మంచిగుంది సాబ్. ఫోమ్ పోయింది, గంతే. దీన్ని పారేస్తరా ఎవరన్నా?"

పాత ఫోమును బ్లేడుతో గీకి, స్పిరిటుతో తుడిచి, కొత్త వలయానికి సన్నటి బ్రష్షుతో జిగురు పూసి కూర్చోబెట్టాడు. జిగురు ఆరకముందే మళ్లీ వేళ్లతో నొక్కి నొక్కి చూస్తూ కోనును సరిగ్గా మధ్యకు తెచ్చాడు. పనితనమంతా అక్కడే ఉంది. వెంట్రుకవాసి పక్కకు జరిగినా కాయిలు అయస్కాంతానికి రాసుకుంటుంది. రబ్బరు అంచు వేయమని అడిగాను, ఎక్కువకాలం వస్తుంది కదా అని. ఆయన ఒప్పుకోలేదు. ఈ కోనుకు రబ్బరు బరువెక్కువవుతుంది, బేసు మారిపోతుంది అన్నాడు. "ఏది ఏసినా రెండిట్ల ఒక్కటే ఎయ్యాలె సాబ్. ఒకదాంట్ల ఇది, ఒకదాంట్ల అది ఏస్తే ఆగమాగమైతది." ఆ మాట విలువ చాలా ఏళ్ల తర్వాత తెలిసింది నాకు. మొత్తానికి కొన్ని వందల రూపాయల్లో పని అయిపోయింది. కొత్త జత కొంటే ఆ నెల జీతం పోయేది.

కాబట్టి ముసలితనం అని మనం అనుకునేదాంట్లో ఎక్కువ భాగం రిపేరుతో పోయేదే. అసలు రిపేరు కూడా అక్కర్లేని సందర్భాలు చాలా ఉన్నాయి. స్పీకరు గరగరలాడుతోందంటే నూటికి సగం కేసుల్లో దోషం వాల్యూం నాబ్‌లోని దుమ్ముదో, పచ్చబడిన రాగితీగ కొసదో అని నా అనుభవం. దాన్ని తేల్చడానికి పైసా ఖర్చు లేదు. యాంప్లిఫయరు ఆపి, వెనక ఎడమ తీగలు కుడికీ కుడి తీగలు ఎడమకీ మార్చి తగిలించండి. గరగర అవతలి పెట్టెలోకి పోయిందా, పాపం స్పీకరుది కాదు, యాంప్లిఫయరుది. అదే పెట్టెలో ఉండిపోయిందా, అప్పుడు ఆ పెట్టెనీ దాని తీగనీ అనుమానించండి.

గదిని కూడా అనుమానించాలి. పాత అద్దె ఇంట్లో నవారు మంచాలు, పరుపులు, దండెం మీద బట్టలు, గోడకు బీరువా ఉండేవి. శబ్దం ఎక్కడికక్కడ ఇంకిపోయేది. అపార్టుమెంటుకు మారాక కింద నున్నటి టైల్సు, ఎదురుగా నిలువెత్తు అద్దం తలుపు, గదిలో రెండు కుర్చీలు. అవే స్పీకర్లు రేకుడబ్బాల్లా మోగాయి. గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట్టు కొట్టండి. చప్పట్టు వెనక ఝంగుమని తోక వినిపిస్తే మీకు కావలసింది కొత్త స్పీకర్లు కాదు, కర్టెన్లూ తివాచీ.

చివరికి అనుమానించాల్సింది, ఎవరూ అనుమానించనిది, చెవి. పాత డబ్బా టీవీలు గుర్తున్నవాళ్లకు ఒక సంగతి చెబుతాను. మన దూరదర్శన్ పద్ధతిలో తెర మీద 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. గుణిస్తే సెకనుకు 15,625. ఆ వేగంతో గీతలు గీసే ట్రాన్స్‌ఫార్మరు అదే స్థాయిలో సన్నటి ఈల వేసేది. మా అమ్మాయి చిన్నప్పుడు పక్కగదిలోంచే "నాన్నా, టీవీ ఆపలేదు నువ్వు" అనేది, తెర నల్లగా ఉన్నా సరే. నాకు అప్పటికే ఆ ఈల వినిపించేది కాదు. ఇప్పుడు అమ్మాయికీ వినిపించదేమో. ట్వీటరు ఇరవై వేల హెర్ట్జ్ దాకా పలుకుతుందని డబ్బా మీద రాసుకుంటారు. అరవై దాటిన మనిషికి అందులో పై భాగం చాలామటుకు అందదు. కానీ అందేదాంట్లో తేడాలు బాగానే తెలుస్తాయి. ఘటం, కంజీర, గాయని సుశీల గారి గొంతులోని మెత్తదనం, ఇవన్నీ ఆ కిందనే ఉంటాయి. కాబట్టి నాకు చెవుడు కదా, ఏవైతేనేం అని చతికిలపడనక్కర్లేదు. షోరూముకు వెళ్లి ట్రెబుల్ గలగలలాడే జతను చూసి, ఇన్నాళ్లూ ఏం పోగొట్టుకున్నానో అని కంగారుపడనూ అక్కర్లేదు.

షోరూముకు నేనూ వెళ్లాను, బావమరిది బలవంతాన. ఏసీ గది, మెత్తటి సోఫా, గోడలకు శబ్దం పీల్చే పలకలు. ఆ గదిలో మా పాత పెట్టెలు పెట్టినా బాగుంటాయి. పైగా ఖరీదైన జత మోగించినప్పుడు కుర్రాడి చెయ్యి వాల్యూం మీద కొంచెం ఎక్కువ తిరిగింది. ఇది లోకమంతా ఉన్న కిటుకే. రెండు స్పీకర్లలో ఒకటి ఇసుమంత గట్టిగా మోగితే, మన చెవికి అది గట్టిగా ఉందని తోచదు, బాగుందని తోస్తుంది. ఫ్లాయిడ్ టూల్ అనే కెనడా శాస్త్రవేత్త ఈ వినికిడి తీర్పుల మీదే జీవితం గడిపాడు. ఆయనా, షాన్ ఆలివూ 1994లో ఒక ప్రయోగం ప్రకటించారు. అవే స్పీకర్లను తెర వెనక పెట్టి వినిపిస్తే శ్రోతలు ఒక రకంగా మార్కులు వేశారు, తెర తీసి ఏది మోగుతోందో చూపిస్తే మరో రకంగా వేశారు. పేరూ ఆకారమూ చూశాక చెవి తన తీర్పును కంటికి వదిలేసింది. వినికిడి తగ్గినవాళ్ల తీర్పులు ఒకరోజుకూ మరోరోజుకూ పొంతన లేకుండా ఉంటాయని కూడా టూల్ అంతకుముందే గమనించాడు. ఇది చదివాక షోరూములో నా చెవి చెప్పిన మాటకు నేను విలువ ఇవ్వడం మానేశాను.

ఇక పాత పాట సంగతి. స్టీరియో అన్న ఆలోచనకు 1931లో ఇంగ్లండులో అలన్ బ్లూమ్‌లైన్ అనే ఇంజినీరు పేటెంటు కోరాడు. సినిమాకు వెళితే, నటుడు తెరకు ఒక పక్కన ఉంటే గొంతు మరో పక్కనుంచి వస్తోందని విసుక్కున్నాడని చెబుతారు. ఆయన కిటుకంతా రెండు స్పీకర్లు ఒకేలా ఉండటం మీద ఆధారపడింది. రెండు పెట్టెలూ ఒకే శబ్దాన్ని ఒకే బలంతో పలికితే, మధ్యలో కూర్చున్న మనిషికి అది రెండు చోట్లనుంచి వినిపించదు. నడిమధ్యన, ఏమీ లేని చోటనుంచి వినిపిస్తుంది. గాయకుడు టీవీ బల్లకు కాస్త పైన, గోడ ముందు నిలబడి పాడుతున్నట్టే ఉంటుంది.

మన దగ్గర స్టీరియో ఆలస్యంగా వచ్చింది. తెలుగులో స్టీరియో ధ్వనితో వచ్చిన తొలి 70 ఎం.ఎం. సినిమా సింహాసనం 1986 నాటిది. గాయకుడు ఘంటసాల 1974లోనే వెళ్లిపోయారు. ఆయన పాడిన కాలంలో మన సినిమా పాట మోనో. అంటే ఎడమా కుడీ తేడా లేని ఒకే ధార. హైఫై మనుషులు దీన్ని చిన్నచూపు చూస్తారు కానీ, స్పీకర్లను పరీక్షించడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. మాయాబజార్‌లో ఘంటసాల పాడిన పాట ఏదైనా వేయండి. 1957 నాటి అసలు రికార్డింగు కావాలి. 2010లో సినిమాకు రంగులద్దినప్పుడు ధ్వనిని డీటీఎస్‌లోకి మార్చారు, ఆ రూపం దీనికి పనికిరాదు. పాతపాటలకు ప్రతిధ్వని చేర్చి స్టీరియో అని అమ్మే రకాలూ వద్దు. బ్యాలెన్సు నాబ్ సరిగ్గా మధ్యలో పెట్టి, రెండు పెట్టెలకూ సమాన దూరంలో కూర్చుని, కళ్లు మూసుకుని, ఘంటసాల ఎక్కడ నిలబడి పాడుతున్నారో వేలితో చూపించండి. కళ్లు తెరిచి చూసుకోండి. వేలు నడిమికి చూపిస్తే మీ జత ఆరోగ్యంగా ఉంది. ఎడమకు జరిగి ఉంటే కుడిది నీరసపడింది. గొంతు మధ్యలోనే ఉండి, "స" కారాలు మాత్రం ఒక పక్కకు పారిపోతుంటే ఒక ట్వీటరు మొద్దుబారింది. గొంతు ఎక్కడా నిలవకుండా గదంతా పరుచుకుంటే ఏదో ఒకదానికి తీగలు తిరగేసి తగిలించారు.

ఈ పరీక్షలో నాకు నచ్చిందేమిటంటే, పదేళ్ల కిందట ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోనక్కర్లేదు. ఒక స్పీకరుకు ఇంకో స్పీకరే కొలబద్ద. రెండు చెవులూ సమానంగా ముసలివైతే చాలు, ముసలి చెవి కూడా పక్షపాతం లేకుండా చెబుతుంది. చెవుల్లో ఒకటి తగ్గిందేమో అన్న అనుమానం ఉంటే రెండు పెట్టెలనూ అటుదిటు, ఇటుదటు మార్చి మళ్లీ వినండి. గాయకుడు పెట్టెలతోపాటు జరిగితే రోగం పెట్టెది. జరగకపోతే, తప్పు యాంప్లిఫయరుదీ గదిదీ కాదని తేల్చుకుని, చెవి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మా జత ఈ పరీక్షలో ఏళ్లతరబడి నెగ్గుతూనే వచ్చింది. రెండోసారి ఫోము మార్చాక కూడా నెగ్గింది. బావమరిది ప్రతి సంక్రాంతికీ ఓడిపోతూ వచ్చాడు. చివరికి ఒక వినాయక చవితికి కాలనీ కుర్రాళ్లు వచ్చి పందిట్లోకి పట్టుకెళ్లారు. అక్కడి పెద్ద యాంప్లిఫయరుకు తగిలించారు. ఇంటి స్పీకరులో మనం పంపే కరెంటులో నూటికి ఒక పాలు శబ్దమైతే గొప్ప, మిగిలిందంతా కాయిల్లో వేడి. నిమజ్జనం రాత్రి ఎడమ ఊఫరు కాయిలు నల్లగా మాడింది. చిన్న యాంప్లిఫయరైతే ఏమీ కాదనుకునేవాళ్లూ ఉన్నారు, దాన్ని చివరిదాకా తిప్పితే శబ్దం విరిగి ముందుగా ట్వీటర్లను కాలుస్తుంది.

కోఠీలో చాచా దుకాణం ఇప్పుడు లేదు. వేరే మనిషి ఊఫరుకు కొత్త కాయిలు, కొత్త కోను వేసిచ్చాడు. కంపెనీ సరుకు ఎక్కడా దొరకదు, కొలత సరిపోయే స్థానిక కోను వేశాడు. మోగింది. ఒంటరిగా వింటే బాగుందనే చెప్పాలి. ఇంటికి తెచ్చి మాయాబజార్ వేశాను. ఘంటసాల కుడి పెట్టె పక్కకు వెళ్లి నిలబడ్డారు. బ్యాలెన్సు తిప్పి మధ్యకు లాక్కొచ్చాను. మంద్రంలో మధ్యన ఉంటున్నారు, తారస్థాయికి వెళ్లేసరికి పక్కకు పోతున్నారు. బరువు వేరైన కోను ప్రతి స్థాయిలోనూ వేరుగా పలుకుతుంది, నాబ్‌తో అది సర్దుకోదు. రెండోదానికీ అదే కోను వేయిస్తే జత కలుస్తుంది నిజమే. కానీ కుడిది ఇంకా బాగా ఉంది. బాగున్నదాన్ని కోసి, కొలతలు తెలియని కోను వేసి, పాత కోను కోసం లెక్కకట్టిన క్రాసోవరుతో మోగించడం నాకు సబబు అనిపించలేదు. అప్పటికే ఎడమ పెట్టె అడుగు ఉబ్బి, ఒకపక్క మేకులు ఊడుతున్నాయి.

కొత్తవి కొన్నాను. బావమరిది చూపించినవి కాదు. ఆయన ఏరిన వాటికి లోపలే యాంప్లిఫయరు, బ్యాటరీ, ఫోను యాపు ఉన్నాయి. స్పీకరు ఇరవై ఏళ్లు వచ్చినా లోపలి బ్యాటరీ అన్నేళ్లు రాదు, యాపు సంగతి దేవుడికెరుక. నేను కొన్నవి వెనక రెండు తీగలు తగిలించే మామూలు జత. అంచు రబ్బరుది. కొనేముందు దుకాణంలో ఒక్కటే అడిగాను, ఊఫరు విడిగా దొరుకుతుందా అని. దొరుకుతుందని రాసిచ్చిన చోట కొన్నాను.

మీ ఇంట్లోనూ ఇలాంటి జత ఉంటే, అంచు పోయిందని, దుమ్ము పట్టిందని, షోరూములో ఇంకోటి బాగుందని మార్చకండి. రెండూ ఒకే గొంతుతో పలకనప్పుడు, పలికించే దారి లేదని తేలినప్పుడు మార్చండి. మార్చాక పాతవి పాత సామాన్ల బండికి కిలోల లెక్కన వేయకండి. కోన్లు మార్చే మనిషి మీ ఊళ్లో ఇంకా ఉంటే ఆయనకిచ్చేయండి, ఆ చట్రం, ఆ అయస్కాంతం ఇంకొకరి స్పీకరుకు పనికొస్తాయి.